కొసరు

నీళ్ళు వెనక్కి తీసిన గంటకి దిగి
పోటు మోకాలు తాకేదాకా
బురదలో నడుం వంచి నేను తవ్విన గుల్లలు
ఎల్వుడ్ హస్కిన్స్ కాటా మీద ఎప్పుడూ తక్కువే తూగేవి.
అలా అని నా నమ్మకం.
మా అమ్మదీ అదే నమ్మకం. ఆవిడ ఆ కాటాని
ఎదురింటి కుక్కని తిట్టినట్టు తిట్టేది.

మంగళవారం అగస్టా నుంచి తూనికల ఆఫీసు వ్యాను వచ్చింది.
ఒడెట్ పెల్టియే దిగింది. పొట్టి మనిషి, రబ్బరు బూట్లు.
వెనక తలుపు తీసి ఒక పెట్టె దించింది.
లోపల ముఖమల్ గుంటల్లో స్టీలు రాళ్ళు,
ఎవరూ తినని మిఠాయిల్లా.
చేతులకి తొడుగులు వేసుకుంది.
"వేలి జిడ్డుకి కూడా బరువుంటుంది" అంది,
ఎవరూ అడక్కుండానే.

మేం తొమ్మిదిమందిమి. బకెట్లు కింద పెట్టి నిలబడ్డాం.
టాబర్ నా డొక్కలో పొడిచాడు:
"ఇవాళ దొంగ దొరుకుతాడు."

ముందు కాగితాలు.
రిజిస్ట్రేషను, రుసుము రసీదు, నిరుటి తనిఖీ చీటీ.
ఎల్వుడ్ అన్నీ ఎరల ఫ్రిజ్జు మీంచి తీశాడు.
క్లిప్పు తుప్పు మూడో పేజీ దాకా దిగింది.
నిరుడు అంతా సరిగ్గానే ఉందని చీటీలో ఉంది.
ఆమె మట్టపు బుడగ నడిమికొచ్చేదాకా కాళ్ళ మరలు తిప్పింది.
సున్నా చూసింది. ఆపి, మళ్ళీ సున్నా చూసింది.
తర్వాత ఒక్కో మూలా ఇరవై అయిదు పౌన్ల రాయి.

ఇరవై అయిదు.
ఇరవై అయిదు.
ఇరవై అయిదు.
నాలుగోది, సముద్రం వైపు మూల,
మేం బకెట్టు జార్చి పెట్టే మూల:
ఇరవై అయిదు పాయింట్ మూడు సున్నా.

తీసి, తుడిచి, మళ్ళీ పెట్టింది. అంతే.

లెక్క నా తలకెక్కడానికి కాస్త టైం పట్టింది.
ఎక్కువ తూగితే లాభం ఎవరికి?
కొనేవాడికి కాదు.
అరవై పౌన్ల నా రోజుకి దగ్గరదగ్గర ముప్పావు పౌను
నేను తవ్వనివి,
అయినా నా జేబులో చిల్లరైనవి.
టాబర్ మోచెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"వాళ్ళకేగా పోయింది, ఉండనీ" అన్నాడు ఎల్వుడ్.
ఒడెట్ తల అడ్డంగా ఊపింది.
"ఎటు మొగ్గినా మొగ్గే.
నీ చేత్తో రెండు డాలర్లు ఎక్కువియ్యి, నీ ఇష్టం.
కొసరు మనిషి వెయ్యాలి. కాటా వెయ్యకూడదు."

ఎర్ర చీటీ కట్టింది, తీగతో, సీసం ముద్రతో.
బాగుచేయించి మళ్ళీ పరీక్ష అయ్యేదాకా
దాని మీద కొనుగోలు లేదు.
తొమ్మిదిమంది బకెట్లు. ఎండ ఎక్కుతోంది.
పక్క రేవు పన్నెండు మైళ్ళు, ధర పావు డాలరు తక్కువ.
తన స్నానాలగదిలో కాటా ఉందన్నాడు టాబర్, తెస్తానన్నాడు.
"దాని వీపు మీద ఏం రాసుందో చదువుకుని రా" అంది ఒడెట్,
"వ్యాపారానికి పనికిరాదు అనుంటుంది."
ఎల్వుడ్ ఒక్కడే నవ్వాడు.
మమ్మల్నందరినీ తన ట్రక్కులోనే పక్క రేవుకి తీసుకెళ్ళాడు.
దారంతా రేడియోలో వాతావరణం.
ఏదో ఒకటి అందామనుకున్నాను.
కిటికీ అద్దం కిందికి దించి, మళ్ళీ ఎత్తాను.

తొమ్మిది రోజులకి కాటా తిరిగొచ్చింది.
ఉప్పు తిన్న సెల్లు మార్చారు. కొత్త ముద్ర.
నా బకెట్లు యాభై తొమ్మిదీ పావు.
"తక్కువ చూపిస్తోంది" అన్నాను,
నోటికి అలవాటు.
అతను ఏమీ అనలేదు. అంకెలు కనిపించేలా
తెరని నా వైపు తిప్పాడు, రసీదు రాశాడు.

మర్నాడు గుల్లల బురద రెండుసార్లు కడిగాను.
రోజూ ఒకసారే కడిగేదాన్ని,
అదీ పైపైన.